నికాన్ 200–500 లెన్స్‌తో పక్షుల చిత్తరువులు: ఏళ్ల తరబడి వాడాక

కూర్చున్న పక్షి చిత్తరువు తీయడానికి ఇంతకంటే ఖరీదైన లెన్స్ అక్కర్లేదు. ఎగిరే పక్షి కోసమే అయితే మాత్రం ఇది కొనకండి. నికాన్ 200–500 మి.మీ. ఎఫ్5.6 జూమ్‌ను ఏళ్ల తరబడి డీ500 కెమెరాకు తగిలించుకుని తిరిగాక నాకు స్థిరపడిన అభిప్రాయం ఇది. అడిగినవాళ్లందరికీ ఇదే చెబుతాను. రెండో మాట సగం మంది వినిపించుకోరు.

ఈ లెన్స్ 2015లో వచ్చింది. జూమ్ ఎక్కడున్నా ఎపర్చర్ (వెలుతురు లోపలికొచ్చే రంధ్రం, ఎఫ్ అంకె పెరిగేకొద్దీ అది చిన్నదవుతుంది) ఎఫ్5.6 దగ్గరే నిలుస్తుంది. ఇదే తరగతిలో పేరున్న 150–600 జూములు చివరికొచ్చేసరికి ఎఫ్6.3కి చేరతాయి. మూడో వంతు స్టాపు (వెలుతురు రెట్టింపైతే ఒక స్టాపు) తేడా కాగితం మీద చిన్నదే. పొద్దున్నే చెట్టు నీడలో పికిలిపిట్ట దొరికినప్పుడు, ఐఎస్ఓ (వెలుతురుకు సెన్సర్ స్పందించే స్థాయి) ఇంకా పెంచాలా వద్దా అని తటపటాయించేవాడికి ఆ కాస్తా కలిసొస్తుంది. ఎపర్చర్ పూర్తిగా తెరిచి ఉంచినా 500 దగ్గర ఈకల పోగులు విడివిడిగా తెలుస్తాయి. ఎఫ్8కి మూస్తే పదును ఇంకొంచెం పెరుగుతుంది గానీ, వెలుతురు పుష్కలంగా ఉంటే తప్ప నేను ఆ జోలికి పోను.

పేరులో 200 ఉందన్న మాటే గానీ నా ఫొటోల్లో దాదాపు అన్నీ 500 దగ్గర తీసినవే. ఆకుల గుబురులో పిట్ట ఎక్కడుందో పట్టుకోవడానికి వెడల్పు చూపు పనికొస్తుంది. దొరికాక రింగు చివరిదాకా తిప్పేయడమే. చిక్కల్లా ఆ తిప్పడంలోనే ఉంది. రింగు ప్రయాణం చాలా పొడవు, ఒక్క విసురుకు చివరిదాకా రాదు, చేయి మార్చి పట్టుకోవాలి. ఈలోగా తేనెపిట్ట మరో పువ్వు మీదికి వెళ్లిపోతుంది. అందుకే దీన్ని జూమ్‌గా కాక 500 ఫిక్స్‌డ్ లెన్స్‌గా చూడమంటాను. మనసుకు ప్రశాంతంగా ఉంటుంది.

500 అనగానే దూరమంతా దగ్గరైపోతుందని కొత్తవాళ్లు ఆశపడతారు. లెక్క వేసి చూడండి. డీ500 సెన్సర్ వెడల్పు 23.5 మి.మీ. పది మీటర్ల దూరంలో ఫ్రేములో పట్టేది 47 సెం.మీ. వెడల్పు. పదిహేను సెంటీమీటర్ల పిచ్చుక అందులో సుమారు మూడో వంతు నిండుతుంది, చిత్తరువుకు అది చాలు. అదే పిచ్చుక ముప్పై మీటర్ల అవతల ఉంటే ఫ్రేము వెడల్పు 141 సెం.మీ.కు పెరుగుతుంది, పిట్ట దాదాపు పదో వంతుకు కుంచించుకుపోతుంది. 5,568 పిక్సెళ్ల వెడల్పున్న ఫొటోలో దాని వాటా ఆరు వందలు దాటదు. దాన్ని క్రాప్ చేసి, సాగదీసి, లెన్స్‌లో పదును లేదని వాపోవడం న్యాయం కాదు. మధ్యాహ్నం వేడెక్కిన నేల మీదుగా తీస్తే పరిస్థితి మరీ ఘోరం. ఆవిరిలా కదిలే గాలి వివరాలన్నిటినీ చెరిపేస్తుంది, ఎంత గొప్ప గాజు పెట్టినా అంతే. దగ్గరికి చేరడానికి పట్టే ఓపికకు బదులుగా ఏ లెన్సూ దొరకదు.

చేరగలిగితే మాత్రం ఇది బాగా సహకరిస్తుంది. 2.2 మీటర్ల దూరం నుంచే ఫోకస్ అవుతుంది కాబట్టి, మనిషికి అలవాటుపడ్డ గోరింక దగ్గరికొస్తే తల, మెడ ఫ్రేము నిండా పట్టుకోవచ్చు. అయితే ఆ దూరాల్లో స్పష్టత పొర ఎంత పలచనో గుర్తుంచుకోవాలి. ఐదు మీటర్ల దగ్గర ఎఫ్5.6తో పదునుగా వచ్చేది సుమారు రెండు సెంటీమీటర్ల లోతు. లకుముకి ముక్కే అంతకంటే పొడుగు. ఎదురుగా చూస్తున్న లకుముకికి కన్ను పదునుగా ఉంటే ముక్కు కొన మసకబారుతుంది, ముక్కు కొన మీద ఫోకస్ పడితే కన్ను పోతుంది. కన్నే ముఖ్యం. కంట్లో వెలుగు చుక్క మెరిస్తే మిగతా మసకను చూసేవాళ్లు క్షమిస్తారు. తల కాస్త పక్కకు తిప్పేదాకా ఆగితే ఆ క్షమాపణ అవసరమూ ఉండదు.

కంపన నివారణ ఈ లెన్స్‌కు పెద్ద బలం. నాలుగున్నర స్టాపులని తయారీదారు చెబుతాడు. నిశ్చలంగా నిలబడ్డ కొంగను చేత్తో పట్టుకుని సెకనులో వందో వంతు షట్టర్ వేగంతో తీసిన ఫొటోలు నా దగ్గర పదునుగానే ఉన్నాయి. కానీ అది ఆపేది మన చేతి వణుకునే. తల టకటకా తిప్పే పిచ్చుకకు వెయ్యో వంతు ఇవ్వాల్సిందే, రెక్క విప్పిన గద్దకు రెండు వేలో వంతైనా కావాలి. కంపన నివారణకే ఉన్న స్పోర్ట్ మోడ్‌లో వ్యూఫైండర్‌లోని బొమ్మ కుదుపులు లేకుండా కదులుతుంది, కదిలే పక్షి వెంట కెమెరా తిప్పుతున్నప్పుడు నేను అదే వాడతాను. ఫోకస్‌ను ఆరు మీటర్ల నుంచి అనంతం వరకు పరిమితం చేసే మీట కూడా ఉంది. ఆకాశంలోకి చూస్తున్నప్పుడు దాన్ని తప్పక వేయండి. అన్నీ చేసినా, అడ్డదిడ్డంగా దూసుకొచ్చే పక్షి వెంట పరుగెత్తేంత చురుకు ఈ ఫోకస్ మోటారుకు లేదు. సరస్సు మీద నిదానంగా సాగే కొంగలకు సరిపోతుంది.

బరువు కాలర్‌తో (ట్రైపాడ్‌కు బిగించడానికి లెన్స్ చుట్టూ ఉండే కడియం) కలిపి 2,300 గ్రాములు. కెమెరా కలిస్తే మూడు కిలోలు దాటుతుంది. కాసేపు ఎత్తి పట్టుకోవచ్చు గానీ రోజంతా కాదు. మెడకు తగిలించే పట్టీ వద్దు, భుజం మీదుగా అడ్డంగా వేసుకునేది కాలర్ పాదానికి బిగించండి. నాకు మోనోపాడ్ (ఒంటికాలి స్టాండు) కంటే గింజలు నింపిన సంచి ఎక్కువ నచ్చింది. నీటి ఒడ్డున పొట్ట మీద పడుకుని, లెన్స్‌ను దాని మీద ఆనించి, పక్షి కంటి ఎత్తు నుంచి తీస్తే నేపథ్యం దూరంగా జరిగిపోయి మెత్తగా కరుగుతుంది. పై నుంచి కిందికి తీసిన ఫొటోకు ఆ అందం ఎన్నటికీ రాదు. వానకు, దుమ్ముకు పూర్తి రక్షణ ఉన్న లెన్స్ కాదిది. మౌంటు దగ్గర ఒక రబ్బరు పట్టీ ఉంది, అంతే. చినుకు పడితే కవరు తొడగాల్సిందే.

తోటి ఔత్సాహికులకు చూపించే దగ్గర ఈ లెన్స్ ఫొటోలు ఎప్పుడూ నా పరువు తీయలేదు. తెర మీద అందరూ చూసేది రెండు వేల పిక్సెళ్ల వెడల్పు బొమ్మే, ఆ పరిమాణంలో అసలైన ఖరీదైన లెన్స్‌కు, దీనికి తేడా పట్టడం కష్టం. పట్టేది మన అతి చేష్టల్నే. ఎడిటింగ్‌లో పదును మోతాదు మించితే ఈకలు ఇనుప తీగల్లా మారతాయి, గాఢమైన రంగులు మండిపోతాయి. అనుభవజ్ఞులు మొదట కన్ను చూస్తారు, తర్వాత కొమ్మ, ఆ తర్వాత వెనకాల ఏముందో. గుర్తింపు కోసం పెట్టే ఫొటో సంగతి వేరు: అందం లేకపోయినా పక్క, పొట్ట, తోక కనిపిస్తే చాలు. పైన చెప్పిన ఆరు వందల పిక్సెళ్ల పిచ్చుక చిత్తరువుగా పనికిరాకపోయినా పక్షుల వివరాలు నమోదు చేసే ఈబర్డ్ సైటులో నమోదుకు ఆధారంగా పనికొస్తుంది. అన్ని జీవజాతుల ఫొటోలు నమోదు చేసే ఐనాచురలిస్ట్‌లో అంతరించిపోయే ప్రమాదమున్న జాతులైతే కచ్చితమైన స్థలం దానంతటదే మరుగవుతుంది. మిత్రులకు నేరుగా పంపే ఫొటోలకు ఆ రక్షణ లేదు కాబట్టి గూడు దగ్గర తీసినవైతే, ఫైలులో స్థల వివరాలున్నాయేమో చూసి చెరిపేశాకే పంపుతాను. గుడ్లగూబ నిద్రపోయే చెట్టు ఎక్కడని అడిగితే జవాబివ్వను. కోపం తెచ్చుకున్నవాళ్లు ఉన్నారు, తెచ్చుకోనివ్వండి.

ఇప్పుడు కొత్తగా కొనేవాళ్లకు దారులు పెరిగాయి. 2018లో వచ్చిన 500 మి.మీ. పీఎఫ్ (బరువు తగ్గించే ఫేజ్ ఫ్రెనెల్ గాజున్న) లెన్స్ కూడా ఎఫ్5.6దే, బరువు 1,460 గ్రాములు, ఫోకస్ చురుకు. జూమ్ మాత్రం లేదు. నికాన్ జెడ్ (లోపల అద్దం లేని) కెమెరాలున్నవాళ్లకు 2023లో వచ్చిన 180–600 ఉంది. దాని జూమ్ తిప్పినా గొట్టం పొడవు మారదు, రింగు కొద్దిగా తిప్పితే చాలు. అయితే 600 దగ్గర ఎఫ్6.3. పాత 200–500ను ఎఫ్‌టీజెడ్ అడాప్టర్‌తో అదే జెడ్ బాడీకి తగిలించవచ్చు, ఫోకస్ పనిచేస్తుంది, కంపన నివారణా పనిచేస్తుంది. 200–500కు 1.4 టెలీకన్వర్టర్ (లెన్స్‌కు, కెమెరాకు మధ్య పెట్టి చేరువ పెంచే గాజు) పెడితే 700 మి.మీ. ఎఫ్8 అవుతుంది. మంచి ఎండలో, కదలని పక్షికైతే పెట్టండి, మబ్బు రోజున సంచిలోనే ఉంచండి.