సోమశిలలో టెంటు బుక్ చేసే ముందు ఇది చదవండి

కొల్లాపూర్ దగ్గర సోమశిలలో కృష్ణ ఒడ్డున టెంటు, చలిమంట, నక్షత్రాలు అని ఫొటోలు చూసి డబ్బులు కట్టేవాళ్ల కోసమే రాస్తున్నాను. మేము ఆరుగురం బంధువులం, నాలుగు బండ్లు, కార్తీకంలో నల్లగొండ నుంచి బయల్దేరాం. దేవరకొండ, డిండి మీదుగా అచ్చంపేట దాకా రోడ్డుకు పేరు పెట్టేది లేదు. అక్కడి ఉమామహేశ్వరం గుడి దగ్గర బండ నుంచి చుక్కచుక్కగా పడే నీళ్ల కింద తల పెట్టాలంటే కార్తీకం రద్దీలో గంట నిలబడాలి, అయినా వెళ్లండి.

నల్లమలలోనే టెంట్లు వేద్దామని మా తమ్ముడు మొదటి నుంచీ ఒకటే పట్టు. కుదరదు. అది అమ్రాబాద్ పులుల అడవి, రాత్రి 9 నుంచి పొద్దున 6 దాకా మన్ననూరు చెక్‌పోస్టు దాటనివ్వరు. ఫర్హాబాద్ వ్యూ పాయింట్‌కు కూడా మన బండ్లు పోవు, అటవీ శాఖ సఫారీ బండే ఎక్కాలి. మల్లెల తీర్థం జలపాతం మాత్రం మనసారా చూశాం, 350 దాకా మెట్లు దిగాలి, నీళ్లు తగ్గినా చల్లదనం తగ్గలేదు, ఎక్కేటప్పుడు మా బావ మోకాళ్లు పట్టుకుని నాలుగుసార్లు కూర్చున్నాడు.

అక్కడి నుంచి కొల్లాపూర్ మీదుగా సోమశిల. టెంట్ల వాళ్లు మనిషికి 1,500 చొప్పున 9,000 ముందే కట్టించుకున్నారు. టెంటు, పరుపు, రాత్రి భోజనం, చలిమంట అన్నీ అందులోనే అన్నారు. తీరా వెళ్లాక బండికి 50 పార్కింగ్, కట్టెలకు 500 వేరే. అందరికీ కలిపి ఒక్కటే బాత్రూం, డ్రమ్ములో నీళ్లు లేవు. అన్నిటికన్నా నాకు మండింది భోజనం దగ్గర. మా తమ్ముడు కార్తీకం పట్టాడు, నీసు ముట్టడు అని ఫోన్‌లో రెండుసార్లు చెప్పాం. వాళ్లు కోడికూర గిన్నెలోంచి ముక్కలు పక్కకు తీసి, ఆ పులుసే గ్రేవీ అని పోశారు. వాడు పెరుగన్నం అడిగితే పెరుగు అయిపోయిందన్నారు. ఆకలితోనే పడుకున్నాడు.

అర్ధరాత్రి దాటాక నా నుదుటి మీద చుక్క పడింది. టార్చి వేస్తే గుడ్డ లోపలి వైపంతా శనగగింజంత నీటి బొట్లు, జిప్పు పక్క కుట్టు ఊడి ఉంది, పరుపు మూల పిండితే నీళ్లొచ్చేట్టు తడిసింది. నది పక్కన రాత్రి చలికి మన ఊపిరి ఆవిరే గుడ్డకు పట్టి నీరవుతుంది. అందుకే టెంటుకు పైన ఇంకో పొర, మధ్యలో గాలి ఆడే సందు ఉండాలి. వీళ్లవి ఒంటి పొరవి, ఎండాకాలానికి పనికొచ్చేవి. బావకు అసలే నడుంనొప్పి, జాకెట్ వేసుకుని ఆరిపోయిన మంట దగ్గరే తెల్లవార్లూ కూర్చున్నాడు. ఆయన అట్లా మాట్లాడకుండా ఉంటే మాకు ఇంకా టెన్షన్. పొద్దున అడిగితే మేనేజర్, "మంచు పడితే మేమేం చేస్తం అన్నా, నది ఒడ్డంటే గట్లనే ఉంటది" అన్నాడు. గట్టిగా అరిస్తే 600 తిరిగిచ్చాడు. 9,000లో 600!

నది ఘాట్‌కు వెళ్లే దారిలో ఒక పెద్దమ్మ కట్టెల పొయ్యి మీద బొచ్చె చేపల పులుసు పెట్టింది. గరిటె పెడితే ముక్క విరుగుతుందని గుడ్డతో గిన్నె అంచులు పట్టుకుని గుండ్రంగా తిప్పుతోంది, మెంతుల వాసన రోడ్డు దాకా వస్తోంది. "కూసోండ్రి బిడ్డా, రొట్టె కాలుస్త" అంది. పులుసు, రెండు జొన్నరొట్టెలు 150. తమ్ముడి సంగతి చెప్పగానే చేతులు కడుక్కుని, పెనం తోమి, వాడి రొట్టెలు విడిగా కాల్చి పల్లీల కారం, ఉల్లిగడ్డ పెట్టింది, వాడికి 40 మాత్రమే తీసుకుంది. పొద్దున్నుంచి నోరు తెరవని బావ, "పెద్దమ్మా, ఇంకో రొట్టె" అన్నాడు. అప్పుడు అందరం ఊపిరి పీల్చుకున్నాం. ఈ యాత్రలో ఆ పూట తిండికి పెట్టిన డబ్బే నాకు పూర్తిగా గిట్టుబాటు అయింది.

వెళ్లేవాళ్లు అడ్వాన్స్ పావు వంతుకు మించి ఇవ్వకండి. టెంటు రెండు పొరలదా అని అడిగి, ఆ రోజు తీసిన ఫొటో పంపించమనండి. పెద్దవాళ్లు వెంట ఉంటే టూరిజం కాటేజీలు చూసుకోండి. నది అవతలి సంగమేశ్వరం గుడి కోసమైతే కార్తీకంలో రావద్దు, శ్రీశైలం డ్యాం నీళ్లు తగ్గి ఎండాకాలం వచ్చేదాకా అది నీళ్లలోనే ఉంటుంది.

బావ ఇంటికొచ్చాక రెండు పొరల టెంటు 4,200 పెట్టి కొన్నాడు. ఈసారి దేవరకొండ దగ్గర మా మేనత్త వాళ్ల చేను గట్టున వేస్తాం, వంట కూడా మాదే.