పంగార్చుల్లా ట్రెక్: గైడ్‌కి ఐదు స్టార్లు, తీసుకెళ్లిన సంస్థకి రెండు

పోయిన ఏప్రిల్‌లో మా బావా నేనూ విజయనగరంలో సమతా ఎక్స్‌ప్రెస్ ఎక్కి, ఢిల్లీ మీదుగా ఉత్తరాఖండ్ చమోలీ జిల్లాలోని జోషీమఠ్ చేరి, అక్కణ్నుంచి పంగార్చుల్లా ట్రెక్‌కి వెళ్లాం. 15,000 అడుగుల శిఖరం. సంస్థ పేరు రాయను. టెంట్లు బాగున్నాయి, తిండికి వంక పెట్టలేం.

బుక్ చేసేటప్పుడు ఫోన్లో ‘ఏప్రిల్ కదా సార్, మంచు గట్టిగా ఉంటుంది, టెన్షన్ వద్దు’ అన్నారు. అది సగం నిజమే. ఆ నెలలో మంచు రాత్రి గడ్డకట్టి పొద్దుటిదాకా గట్టిగా ఉంటుంది, ఎండెక్కాక పైన కరిగిన నీళ్లు లోపలి పొరల్లోకి ఇంకి వాటి పట్టు వదిలించేస్తాయి, 30 నుంచి 45 డిగ్రీల వాలు ఉన్నచోటైతే తడి మంచు చరియలై జారిపోతుంది. అందుకే బయల్దేరే టైమే ప్రాణం. శిఖరం ఎక్కే రోజు రాత్రి 2కి అని చెప్పి 5 గంటలకి లేపారు, వంటవాళ్లకి మెలకువ రాలేదట!

మొదట్లో బూటు కింది ముళ్లు కరకరమని దిగేవి. తొమ్మిదయ్యేసరికి అదే మంచు తడిసిన ఉప్పులా అయిపోయి బావ కాలు మోకాలిదాకా దిగబడింది, కింద రెండు బండల మధ్య సందులో బూటు ఇరుక్కుంది. ‘ఏటి బావా, కాలు రాదేటి’ అంటున్నాడు, మొహంలో రక్తం లేదు. గైడ్ చేతుల్తో మంచు తవ్వి తీశాడు. అప్పుడే పైనుంచి నిమ్మకాయంత మంచు ఉండలు వాటంతటవే దొర్లుతూ, దొర్లేకొద్దీ లావవుతూ, వెనక గీతలు గీసుకుంటూ వస్తున్నాయి. పైన మంచు పట్టు వదులుతోందనడానికి అదే గుర్తు. అవి చూడగానే గైడ్ ‘ఇక చాలు, దిగుదాం’ అన్నాడు. ఇంత ఖర్చుపెట్టి వచ్చామని గుంపులో కొందరు గొడవపడ్డారు. ఆయన మాత్రం మాట మార్చలేదు. ఆ మనిషికి చేతులెత్తి దండం పెట్టాలి.

సంస్థ మీద నా అసలు కోపం వేరే ఉంది. మంచులో కూరుకుపోయినవాణ్ని పావుగంటలో బయటికి తీస్తే చాలామంది బతుకుతారు, అరగంట దాటితే ఆశ బాగా తగ్గిపోతుంది, అంటే పక్కనున్నవాళ్లే తవ్వాలి. అందుకు ఒంటిమీద సిగ్నల్ ఇచ్చే బీకన్, గుచ్చి వెతికే పొడుగాటి ప్రోబ్, పార కావాలి. మా 14 మందికి ఉన్నది టెంట్ల దగ్గర మంచు ఎత్తే ఒక్క పార. చండీగఢ్‌లోని రక్షణ పరిశోధన సంస్థ డీజీఆర్ఈ ఇచ్చే మంచు చరియల హెచ్చరిక చూశారా అని అడిగితే జవాబు లేదు. 2025 ఫిబ్రవరి 28న అదే చమోలీ జిల్లాలో, మాణా దగ్గర, మంచు విరుచుకుపడి 8 మంది రోడ్డు కార్మికులు పోయారు. ఇంకా ఈ అశ్రద్ధేంటి?

మన జిల్లా నుంచి వెళ్లేవాళ్లు డబ్బు కట్టేముందే బీకన్లు ఎన్ని ఉన్నాయో, ఎన్ని గంటలకి వెనక్కి తిప్పుతారో అడగండి. గైడ్ నంబరు తీసుకున్నాం. వచ్చే ఏప్రిల్‌లో ఆయనతోనే వెళ్తాం, రాత్రి ఒంటిగంటకే బయల్దేరదామని ఇప్పుడే చెప్పేశాం.