నికాన్ డి500: సెట్టింగులు మార్చుకున్నాకే తెలిసే కెమెరా

2016లో వచ్చిన డీఎస్ఎల్ఆర్‌కి (లోపల అద్దం ఉండే పాత తరహా కెమెరాకి) ఇప్పుడు రివ్యూ ఏమిటని అనుకోవచ్చు. పక్షుల ఫొటోలు మొదలుపెడదామని నన్ను సలహా అడిగేవాళ్లలో చాలామంది, బడ్జెట్ లెక్క వేసుకుని చివరికి వాడిన డి500 దగ్గరికే వస్తున్నారు, అదీ కారణం. కొన్న కొద్దిరోజులకే వాళ్లలో కొందరు ఫోన్ చేస్తారు. ‘ఫోకస్ సరిగ్గా పట్టట్లేదండీ, అమ్మేద్దామనుకుంటున్నా’ అంటారు. కెమెరా తెమ్మని చూస్తే, పెట్టెలోంచి తీసినప్పుడు ఏ సెట్టింగులు ఉన్నాయో ఇప్పటికీ అవే. ఈ కెమెరా అసలు బలం దాని బటన్లను మనకు కావలసినట్టు మార్చుకోవడంలో ఉంది. అది చేయకుండా డి500ని తీసిపారేయడం న్యాయం కాదు.

మాది నాయుడుపేట. ఉద్యోగం చెన్నైలో, ఇల్లు వేలచ్చేరిలో. తెల్లవారితే పల్లికరణై చిత్తడినేల పక్కనే ఉంటుంది. చలికాలం వచ్చిందంటే నేలపట్టు, పులికాట్ వైపు బండి తిరుగుతుంది. లెన్స్ నికాన్ వాళ్ల 200-500 మిల్లీమీటర్ల ఎఫ్/5.6 జూమ్. కెమెరా 860 గ్రాములు, లెన్స్ 2.3 కిలోలు. రెండూ కలిపి మూడు కిలోలు దాటతాయి కాబట్టి మోనోపాడ్ తప్పనిసరి. ఇందులోది డీఎక్స్ సెన్సర్, అంటే ఫుల్ ఫ్రేమ్ కంటే చిన్నది కావడం వల్ల 500 దగ్గర 750 మిల్లీమీటర్లతో చూసినంత దగ్గరగా కనిపిస్తుంది. రేడియల్ రోడ్డు పక్కన నిలబడి దూరంగా ఉన్న నామాల కోళ్లను తీయడానికి ఆ దూరం అక్కరకొస్తుంది.

ముందు కెమెరా గురించి నాలుగు మాటలు. 20.9 మెగాపిక్సెళ్లు, సెకనుకు 10 ఫ్రేములు, 153 ఫోకస్ పాయింట్లు. అదే ఏడాది వచ్చిన పెద్ద కెమెరా డి5లోని ఫోకస్ మాడ్యూల్‌నే ఇందులోనూ పెట్టారు. అది ఫుల్ ఫ్రేమ్ కోసం చేసింది కావడంతో, ఇక్కడి చిన్న సెన్సర్ మీద ఆ పాయింట్లు ఈ అంచు నుంచి ఆ అంచు దాకా పరుచుకుంటాయి. ఎగిరే పక్షి ఫ్రేములో ఓ పక్కకు జారినా అక్కడ పట్టుకోవడానికి ఒక పాయింట్ ఉంటుంది. ఎక్స్‌క్యూడీ అనే వేగమైన మెమరీ కార్డు వేస్తే ఆగకుండా 200 రా ఫొటోలు (కుదించి జేపెగ్ చేయనివి) తీసుకోవచ్చు. అంటే ఏకంగా 20 సెకన్లు. అంతసేపు వేలు తీయకుండా నొక్కే అవసరం నాకెప్పుడూ రాలేదు, కానీ కీలకమైన క్షణంలో కెమెరా ఆగిపోతుందేమోనన్న టెన్షన్ ఉండదు.

ఇక అసలు విషయం. మామూలుగా షట్టర్ బటన్ సగం నొక్కితే ఫోకస్, పూర్తిగా నొక్కితే ఫొటో. పెళ్లి ఫొటోలకు ఇది బాగానే ఉంటుంది. జమ్ము మధ్య కూర్చున్న కొంగ దగ్గరకొచ్చేసరికి చిక్కు మొదలవుతుంది. వేలు పడిన ప్రతిసారీ కెమెరా మళ్లీ ఫోకస్ వెతుక్కుంటుంది, ముందున్న రెల్లు ఆకును పట్టుకుంటుంది, ఈలోగా కొంగ చేపను మింగేస్తుంది. కస్టమ్ సెట్టింగుల్లో ఆటోఫోకస్ విభాగంలో ‘ఏఎఫ్ యాక్టివేషన్’ అని ఉంటుంది (ఏఎఫ్ అంటే ఆటోఫోకస్). దాన్ని ‘ఏఎఫ్-ఆన్ ఓన్లీ’కి మార్చాలి. అప్పుడు షట్టర్ బటన్‌కి ఫోకస్‌తో సంబంధం ఉండదు. ఫోకస్ పని వెనకవైపున్న ఏఎఫ్-ఆన్ బటన్‌ది, అంటే బొటనవేలిది. మోడ్ ఎప్పుడూ కంటిన్యువస్‌లోనే, అంటే ఫోకస్ ఆగకుండా సర్దుకుంటూ ఉండే ఏఎఫ్-సీలో ఉంచుతాను. పక్షి కదులుతున్నంతసేపు బొటనవేలు నొక్కే ఉంచాలి. కూర్చుంటే వేలు తీసేయాలి. ఫోకస్ ఉన్నచోటే ఉండిపోతుంది, ఇక ఎన్ని ఫొటోలైనా తీసుకోవచ్చు.

మా అక్క కొడుకు ఇక్కడే ఇంజనీరింగ్ చదువుతున్నాడు. మొదటిసారి వాడి చేతికి ఈ కెమెరా ఇస్తే, ‘మావయ్యా, షట్టర్ నొక్కుతున్నా ఫోకస్ అవట్లేదు, పాడైందేమో చూడు’ అన్నాడు. ‘బొటనవేలితో ఏఎఫ్-ఆన్ పట్టుకోరా, చూపుడువేలు ఫొటోకి మాత్రమే’ అన్నాను. ఆ ఉదయం గడిచేసరికి వాడి చేతికి అలవాటైపోయింది. ఇప్పుడు వాడి ఫ్రెండ్స్ కెమెరాలన్నీ వాడే అలా మారుస్తున్నాడు.

ఇక్కడిదాకా చాలామంది చేస్తారు. డి500 మిగతా కెమెరాల కంటే ముందుకు వెళ్లేది దీని తర్వాతి మెట్టులో. ఏఎఫ్-ఆన్ బటన్‌కి కిందే ఒక చిన్న జాయ్‌స్టిక్ ఉంది. కస్టమ్ కంట్రోల్స్‌లోకి వెళ్లి, దాని మధ్యలో నొక్కితే ‘ఏఎఫ్ ఏరియా మోడ్ ప్లస్ ఏఎఫ్-ఆన్’ పనిచేసేలా పెట్టి, మోడ్‌గా కొన్ని పాయింట్లు గుంపుగా పనిచేసే గ్రూప్ ఏరియాని ఎంచుకున్నాను. నేను మామూలుగా ఉంచేది 25 పాయింట్ల డైనమిక్, అంటే మనం ఎంచుకున్న పాయింట్‌కి చుట్టుపక్కలవి సాయం చేసేది, అది ఏఎఫ్-ఆన్ నొక్కితే వస్తుంది. లెన్స్ పక్కన ముందువైపున్న పీవీ (ప్రివ్యూ) బటన్‌కి సింగిల్ పాయింట్ ఇచ్చాను. ఏఎఫ్-ఆన్ పట్టుకుని ఉంగరపు వేలితో పీవీ నొక్కి ఉంచినంతసేపే సింగిల్ పాయింట్, వదిలితే మళ్లీ డైనమిక్. మూడు రకాల ఫోకస్, మూడు చోట్ల. కన్ను వ్యూఫైండర్ నుంచి తీయాల్సిన పనిలేదు, డయల్ తిప్పాల్సిన పనీ లేదు.

దీనివల్ల ఏమొస్తుందో తెలియాలంటే నలుపు తెలుపు లకుముకి పిట్టను తీయాలి. అది నీళ్లకు బాగా ఎత్తులో, ఒకేచోట రెక్కలు కొట్టుకుంటూ నిలబడుతుంది. రెక్కలు ఎంత వేగంగా ఆడినా తల మాత్రం కదలదు, ముక్కు నిట్టనిలువుగా కిందికి చూస్తూ ఉంటుంది. ఆ సమయంలో వెనకంతా ఆకాశమే. గ్రూప్ ఏరియా తన పరిధిలో అన్నిటికంటే దగ్గరున్న దాన్ని పట్టుకుంటుంది. ఆకాశంలో పిట్ట తప్ప ఇంకేమీ లేదు కాబట్టి జాయ్‌స్టిక్ నొక్కగానే దొరికిపోతుంది. తర్వాత అది రెక్కలు ముడిచి ఒక్కసారిగా దిగుతుంది. దిగుతూ దిగుతూ జమ్ము వరుస ముందుకు వస్తుంది. ఇప్పుడు గ్రూప్‌లోనే ఉంటే, మధ్యలో ఏ ఆకు అడ్డొచ్చినా కెమెరా దాన్నే పట్టుకుంటుంది. అందుకని పిట్ట కిందికి వంగగానే బొటనవేలు ఒక్క బటన్ పైకి జరుపుతాను, డైనమిక్ అందుకుంటుంది. అది వచ్చి కొయ్య మీద చేపతో కూర్చున్నాక పీవీ. కంటి మీద ఒకే ఒక్క పాయింట్. చేపను కొయ్యకేసి బాదేటప్పుడు చిందే నీటిచుక్కలు కూడా స్పష్టంగా వస్తాయి.

దీనికి తోడుగా ‘ఫోకస్ ట్రాకింగ్ విత్ లాక్-ఆన్’ సెట్ చేసుకోవాలి. అడ్డం వచ్చిన వస్తువు మీదికి కెమెరా ఎంత త్వరగా మారిపోవాలో 1 నుంచి 5 దాకా చెప్పవచ్చు. పెట్టెలోంచి వచ్చేది 3. నేను 4లో ఉంచుతాను. నేలపట్టులో ఒక గూడబాతు వెంట కెమెరా తిప్పుతుంటే మధ్యలో ఇంకో రెండు అడ్డంగా వెళ్తాయి. 4లో ఉంటే కెమెరా కాస్త ఓపిక పట్టి మన గూడబాతు కోసమే చూస్తుంది. పక్కనే ఉండే రెండో సెట్టింగు, సబ్జెక్టు నిలకడగా కదులుతుందా, అడ్డదిడ్డంగా కదులుతుందా అన్నది. గూడబాతులకు, ఎర్రకాళ్ల కొంగలకు నిలకడ వైపు. గాల్లో తూనీగల వెంట పడే పసిరిక పిట్టలకు రెండో వైపు.

3డీ ట్రాకింగ్ అనే ఇంకో ఫోకస్ మోడ్ గురించి చాలా గొప్పగా చెప్తారు. అది రంగును ఆధారం చేసుకుని వెంటాడుతుంది. ఆటగాళ్ల జెర్సీల మీద బాగుంటుంది. ఎండుగడ్డిలో జింకను, బురదలో ఉల్లంకిని వెంటాడమంటే తడబడుతుంది. పక్షులకు నేను వాడను.

ఎక్స్‌పోజర్ (ఫొటోకి అందే వెలుగు) విషయంలో నా పద్ధతి మాన్యువల్ మోడ్, ఆటో ఐఎస్ఓ. షట్టర్, అపెర్చర్ నా చేతిలో, వెలుతురు తేడా కెమెరా చూసుకుంటుంది. షట్టర్ వేగం పెద్ద పక్షులు ఎగిరితే 1/1600 సెకను, చిన్నవాటికి 1/3200, కూర్చున్నవాటికి 1/500. ఐఎస్ఓ గరిష్ఠం 6400. అంతకు మించి ఈ సెన్సర్‌ని పోనివ్వడం నాకు ఇష్టం లేదు, ఈకల్లో వివరం కరిగిపోతుంది. తెల్ల కొంగల కోసం ముందువైపు కిందనున్న ఎఫ్ఎన్1 బటన్‌కి హైలైట్ వెయిటెడ్ మీటరింగ్ ఇచ్చాను, అంటే బాగా వెలుగున్న భాగాన్ని బట్టి వెలుతురు కొలిచే పద్ధతి. నల్లటి నీళ్ల ముందు తెల్ల కొంగ నిలబడితే మామూలు మీటరింగ్ నీళ్లను చూసి వెలుగు పెంచేస్తుంది, కొంగ సున్నం కొట్టిన గోడ అయిపోతుంది. ఎఫ్ఎన్1 నొక్కి పట్టుకుంటే కెమెరా తెలుపును కాపాడుతుంది, ఈకల గీతలు మిగులుతాయి.

చిన్నవే అయినా రోజూ పనికొచ్చేవి ఇంకో మూడున్నాయి. ఫోకస్ పాయింట్‌ని అడ్డంగా ఒకటి, నిలువుగా ఒకటి విడిగా గుర్తుపెట్టుకునే సెట్టింగు. నిలబడ్డ కొంగ కోసం కెమెరా నిలువుగా తిప్పగానే పాయింట్ తల దగ్గరికి వచ్చి ఉంటుంది. ప్లేబ్యాక్‌లో మధ్య బటన్ ఒక్కసారి నొక్కితే నేరుగా 100 శాతానికి జూమ్ అయ్యేలా పెట్టుకోవడం, కన్ను షార్ప్‌గా ఉందో లేదో అక్కడికక్కడే తేలిపోతుంది. ఇక గూళ్ల దగ్గర క్వయెట్ కంటిన్యువస్ అనే షూటింగ్ మోడ్. సెకనుకు మూడు ఫ్రేములే, కానీ చప్పుడు తగ్గుతుంది. పిల్లలున్న గూళ్ల దగ్గర పది ఫ్రేముల టకటకలు కొట్టేవాళ్లను చూస్తే నాకు బాధగా ఉంటుంది.

ఇండోర్ కబడ్డీ కూడా ఈ కెమెరాతో తీశాను, మేనల్లుడి కాలేజీ కోసం. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి ఇండోర్ లైట్లు చాలావరకు సెకనుకు 100 సార్లు వెలిగి తగ్గుతుంటాయి. వేగంగా తీస్తే ఒక ఫ్రేము వెలుగ్గా, తర్వాతిది పసుపుగా, మసకగా వస్తుంది. ఫొటో షూటింగ్ మెనూలో ఫ్లికర్ రిడక్షన్ ఆన్ చేస్తే, వెలుగు నిండుగా ఉన్న క్షణం చూసి షట్టర్ కొడుతుంది. వేగం కొంచెం తగ్గవచ్చు. బయటికి వచ్చాక ఆఫ్ చేసుకోవాలి.

నాకు నచ్చని పెద్ద విషయం బ్యాంకులు. ఎగిరే పక్షులకు ఒకటి, కూర్చున్నవాటికి ఒకటి, ఇండోర్‌కి ఒకటి అని సెట్టింగులు దాచుకోవడానికి కెమెరాలో ఏ, బీ, సీ, డీ అని నాలుగు బ్యాంకులున్నాయి. షూటింగ్ మెనూకి వేరే, కస్టమ్ సెట్టింగులకు వేరే. రెండూ కలిసి మారవు. పైగా ఒక బ్యాంకులో ఉండగా ఏది మార్చినా ఆ మార్పు అందులోనే ఉండిపోతుంది, నొక్కితే మొదటికొచ్చే ఏర్పాటు లేదు. నికాన్ చిన్న కెమెరాలు కొన్నిటిలో డయల్ మీద యూ1, యూ2 అని ఉంటాయి, వాటికి తిప్పితే దాచుకున్న సెట్టింగులన్నీ ఒకేసారి వస్తాయి. ఇంత మంచి కెమెరాలో అవి లేకపోవడం నిజంగా లోటే. దీనికి మార్గం ఒకటుంది. అన్నీ కుదిరాక సెటప్ మెనూలో ‘సేవ్/లోడ్ సెట్టింగ్స్’తో కార్డు మీదికి ఫైలు రాయించి, కంప్యూటర్లో భద్రపరుచుకోవాలి. ఎప్పుడు గందరగోళమైనా లోడ్ చేసుకోవచ్చు.

బొటనవేలి పద్ధతికీ ఒక ఇబ్బంది ఉంది. ఫోకస్ పట్టేదీ అదే వేలు, పాయింట్ జరపాల్సిందీ అదే వేలు. పక్షి వేగంగా వస్తున్నప్పుడు రెండూ కుదరవు. ముందే పాయింట్ సరిచూసుకుని కెమెరానే తిప్పడం నేర్చుకోవాలి.

కొనేవాళ్లు ఒక పని తప్పకుండా చేయాలి. డీఎస్ఎల్ఆర్‌లో ఫోకస్ కొలిచేది సెన్సర్ కాదు, కింద ఉండే వేరే మాడ్యూల్. కెమెరాకీ లెన్స్‌కీ మధ్య కాస్త తేడా ఉంటే ప్రతి ఫొటో ఒక వెంట్రుకవాసి ముందుకో వెనక్కో పడుతుంది. డి500లో దాన్ని కెమెరాయే సరిచేసుకుంటుంది. ట్రైపాడ్ మీద పెట్టి, లైవ్ వ్యూలో (వెనక తెర మీద చూస్తూ), అపెర్చర్ పూర్తిగా తెరిచి, మధ్య పాయింట్‌తో ఓ గీతల కాగితం మీద ఫోకస్ చేయాలి. తర్వాత ఏఎఫ్ మోడ్ బటన్, వీడియో బటన్ కలిపి రెండు సెకన్లకు పైగా పట్టుకుంటే, దిద్దుబాటు విలువ వచ్చి కూర్చుంటుంది. రెండు మూడుసార్లు చేసి, దగ్గరగా వచ్చిన విలువను ఉంచుకుంటే మంచిది. ‘ఫోకస్ పట్టట్లేదు’ అని నా దగ్గరికొచ్చిన కెమెరాల్లో కొన్ని దీనితోనే బాగుపడ్డాయి.

లోపల అద్దం లేని కొత్త మిర్రర్‌లెస్ కెమెరాలు పక్షి కన్నును వాటంతటవే వెతికి పట్టుకుంటాయి, చప్పుడే చేయవు. డబ్బుంటే అవే కొనండి, అందులో రెండో మాట లేదు. అంత పెట్టలేనివాళ్లకు మాత్రం డి500 ఇప్పటికీ గట్టి కెమెరా. కంపెనీ లెక్క ప్రకారం ఒక చార్జికి 1240 ఫొటోలు. పులికాట్‌లో చీకటితో వెళ్లి ఫ్లెమింగోల కోసం కూర్చుంటే, బటన్లలో వెలిగే లైటు కూడా ఎంతో ఉపయోగం.

వాడినది కొనేటప్పుడు షట్టర్ కౌంట్ (షట్టర్ ఇప్పటిదాకా ఎన్నిసార్లు పడిందో) అడగండి, రెండు లక్షల దాకా పరీక్షించిన షట్టర్ ఇది. జాయ్‌స్టిక్‌ని నాలుగు వైపులా, మధ్యలో నొక్కి చూడండి, ఎక్కువ అరిగేది అదే. ఫర్మ్‌వేర్ (కెమెరా లోపలి సాఫ్ట్‌వేర్) కూడా చూడండి. ఎక్స్‌క్యూడీ కార్డులు ఇప్పుడు దొరకడం కష్టం. 2020 చివర్లో వచ్చిన అప్‌డేట్ వేసుకుంటే అదే స్లాట్‌లో సీఎఫ్ఎక్స్‌ప్రెస్ టైప్-బీ అనే కొత్త రకం కార్డు పనిచేస్తుంది. ఇక్కడి ఒక షాపులో ‘ఆ కార్డు దీనికి పట్టదు సార్’ అని గట్టిగా చెప్పారు. ఇంటికొచ్చి అప్‌డేట్ చేసి వేస్తే వెంటనే తీసుకుంది.