కైతాయ్ స్ట్రక్ట్: చివరి సున్నా ఉంటే సరి, లేకపోతే?

బైనరీ ఫైల్ ఫార్మాట్‌ని యామల్ అనే మామూలు టెక్స్ట్ ఫార్మాట్‌లో రాసిస్తే పార్సర్ కోడ్, అంటే ఆ ఫైల్‌ని చదివే కోడ్, తయారుచేసి ఇచ్చే కైతాయ్ స్ట్రక్ట్ గురించి చాలామంది రాశారు కాబట్టి, నేను ఒక్క విషయమే చెప్తా. టెక్స్ట్ ఫీల్డ్ చివర టెర్మినేటర్ (టెక్స్ట్ ఇక్కడితో అయిపోయిందని చెప్పే గుర్తు, మామూలుగా సున్నా బైట్) ఒకసారి ఉండి ఒకసారి లేకపోతే ఇది ఏం చేస్తుంది?

చాలా ఫైళ్లని ఒక్కటిగా కట్టే టార్ ఫైల్ హెడరే చూడండి. లోపలి ఫైల్ పేరుకి 100 బైట్లు. పేరు చిన్నదైతే చివర సున్నా ఉంటుంది, 100 బైట్లూ నిండిపోతే సున్నాకి చోటే ఉండదు. ఇక్కడ సైజ్ 100, టెర్మినేటర్ 0 అని రెండూ ఇస్తే చాలు, సున్నా కనిపిస్తే అక్కడ కోస్తుంది, కనిపించకపోతే మొత్తం తీసుకుంటుంది, ఎర్రర్ గొడవ లేదు. ఇంతవరకు సూపర్.

సైజ్ లేని ఫీల్డ్ దగ్గరే అసలు తంటా. ఎస్‌టీఆర్‌జెడ్ (సున్నాతో ముగిసే టెక్స్ట్) టైప్ ఇస్తే సున్నా దొరక్కుండా డేటా అయిపోగానే ఎర్రర్ కొట్టి ఆగిపోతుంది. ఆ ఎర్రర్ ఇవ్వాలా వద్దా అని చెప్పే ఈఓఎస్-ఎర్రర్ సెట్టింగ్‌ని ఫాల్స్ చేస్తే ఊరుకుంటుంది గానీ, ఒక సున్నా మిస్సయిందంటే తర్వాతి సున్నా దాకా, అదీ లేకపోతే స్ట్రీమ్ (చదువుతున్న డేటా) చివరిదాకా, పక్క ఫీల్డ్స్‌ని కూడా కలిపి మింగేస్తుంది, అదీ చప్పుడు లేకుండా. అందుకే ముందు ఆ భాగానికి సైజ్‌తో సబ్‌స్ట్రీమ్ (ఆ సైజ్ దాటి చదవలేని డేటా ముక్క) కట్టి, లోపల మాత్రమే ఫాల్స్ పెట్టాలి. ఎంపీ3ల్లో పాట వివరాలు దాచే ఐడీ3 2.4 ట్యాగ్‌లో ఒకే ఫ్రేమ్‌లో (ట్యాగ్‌లోని ఒక భాగంలో) సున్నాలతో విడదీసిన టెక్స్ట్‌లు వరసగా వస్తాయి, చివరిదానికి సున్నా ఉండకపోవచ్చు. ఫ్రేమ్ సైజ్ ముందే తెలుసు కాబట్టి అక్కడ ఈ పద్ధతి చక్కగా కుదురుతుంది. కాకపోతే యూటీఎఫ్-16 (అక్షరానికి కనీసం రెండు బైట్లు వాడే పద్ధతి) టెక్స్ట్ అయితే సున్నా రెండు బైట్లు, కైతాయ్ పాత వెర్షన్లు ఒక్క బైట్ చూసి మధ్యలోనే కోసేస్తాయి, 0.11 వాడండి.

నాకు నచ్చనిది, చదివాక టెర్మినేటర్ నిజంగా ఉందో లేదో ఫీల్డ్ విలువ చూస్తే తెలీదు. ఫైల్‌ని బైట్‌కి బైట్ మళ్లీ రాయాలనుకునేవాళ్లకి ఇది పెద్ద తలనొప్పి. టెర్మినేటర్‌ని కూడా విలువలో కలిపే ఇంక్లూడ్ సెట్టింగ్‌ని ట్రూ చేసి చివరి బైట్ చూసుకోవచ్చు, కానీ అప్పుడు ఆ సున్నా టెక్స్ట్‌కే అంటుకుని వస్తుంది, వాడిన ప్రతిచోటా మనమే తుడుచుకోవాలి.

చదవడం వరకే పనైతే కళ్లు మూసుకుని తీసుకోండి.