మే నెల ఎండలో దిండి, మన్ననూరు: పిట్టల కోసం వెళ్లొచ్చాం

ఎండాకాలం పిట్టల్ని చూడడానికి ఎవరైనా పోతారా అని ఇంట్లో అడిగారు. నేనైతే ఇప్పుడే పొమ్మంటాను. చెరువులు ఎండేకొద్దీ మిగిలిన కాసిని నీళ్ల దగ్గరికే పిట్టలన్నీ చేరతాయి. అడవిలో ఆకు రాలిపోయి చూపుకు అడ్డం తగ్గుతుంది. మా బావమరిదీ నేనూ తెల్లవారుజామున నాలుగింటికి నల్లగొండలో బయలుదేరి, దేవరకొండ మీదుగా దిండి ప్రాజెక్టు దగ్గరికి చేరాం.

ప్రాజెక్టులో నీళ్లు బాగా వెనక్కి పోయి బురద తేలింది. ఎర్రకాళ్ల కొంగలు, నత్తగుల్ల కొంగలు ఆ బురదలోనే మేస్తున్నాయి. అయితే నన్ను గంటసేపు కదలనివ్వనిది ఒక తీతువు. రాళ్ల మధ్య, కాస్తంత నీడ కూడా లేనిచోట గుడ్లు పెట్టుకుంది. ఎండ ముదిరాక నీళ్లలోకి దిగి పొట్ట ఈకలు తడుపుకుని, పరుగున వచ్చి గుడ్ల మీద కూర్చుంటుంది. ఆ తడితో గుడ్లు చల్లబడతాయి. కళ్లారా చూడడం నాకు ఇదే మొదటిసారి. దయచేసి ఫోటో కోసం దగ్గరికి పోకండి. అది లేచిపోతే ఆ ఎండకు గుడ్లు ఎక్కువసేపు తట్టుకోవు.

దారిలో మొండి తాటిమాను తొర్రలోకి పాలపిట్ట దూరడం చూశాం. మన తెలంగాణ రాష్ట్ర పక్షి గూడు కట్టుకునేది ఈ ఎండల్లోనే. దసరాకు పంజరంలో పెట్టి చూపిస్తారే, దాని అందం అసలు రెక్క విప్పినప్పుడే.

మొదటి రాత్రి రోడ్డు పక్క లాడ్జిలో దిగి తప్పు చేశాం. ఏసీ ఉందన్నారు, పనిచేయలేదు. రాత్రంతా లారీల మోత. రెండో రాత్రి నల్లమల అడవి అంచున ఉన్న మన్ననూరులో అటవీశాఖ కాటేజీకి మారాం. గది మామూలుగానే ఉన్నా శుభ్రంగా ఉంది. పొద్దున్నే కంసాలిపిట్ట కూతకు మెలకువ వచ్చింది. అడవి గుండా పోయే శ్రీశైలం రోడ్డును రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా మూసేస్తారు, టైమ్ చూసుకుని బయలుదేరండి.

ఫరహాబాద్ సఫారీ జీపులో లోయ చూడడానికి బాగుంది. పిట్టల కోసమైతే నేను మళ్లీ ఎక్కను. ఇంజిన్ చప్పుడు, పైగా అందరి కళ్లూ పులి అడుగుల మీదే. మాకు అసలు అడవిని చూపించింది గైడ్‌గా వచ్చిన చెంచు కుర్రాడు. జంతువుల కోసం నీళ్లు నింపే సాసర్ పిట్‌కు కొంచెం దూరంలో చెట్టు చాటున కూర్చోబెట్టాడు.

"అన్నా, లేవకుండ్రి. నీళ్లకాడికి అవే వస్తయి."

వచ్చాయి. ముందు పిగిలిపిట్టలు, తర్వాత తెల్లటి పొడుగు తోకతో తోక పిగిలిపిట్ట. అది నీటిని ఇలా తాకి అలా లేస్తుంటే తోక రిబ్బన్‌లా ఆడుతోంది. పొద్దు వాలుతుండగా వెనక పొదలోంచి రెండు స్వరాల ఈల వినిపించింది. కుర్రాడు నా మోచెయ్యి పట్టుకున్నాడు. ఎండుటాకుల్ని తిరగేస్తూ నవరంగ్ పిట్ట! పచ్చటి వీపు, కంటి మీదుగా నల్లటి పట్టీ, తోక కింద ఎర్రటి మెరుపు. చలికాలం దక్షిణాన గడిపి, వానలకు ముందు ఉత్తరానికి సాగే పిట్ట ఇది. మా ముందు రెండు నిమిషాలు కూడా ఆగలేదు. బైనాక్యులర్ పట్టుకున్న నా చేతులు వణికాయి.

జీపుకు పెట్టే డబ్బుతో గైడ్‌ను ఇంకో పూట ఉంచుకోండి. మేం తొలకరికి చాతకం కోసం మళ్లీ వస్తామని ఆ తమ్ముడికి చెప్పి వచ్చాం.