ఫ్రామింగ్‌హామ్ గుండె రిస్క్ కాలిక్యులేటర్: వాడి చూశాక నా మాట

ఫుల్ బాడీ చెకప్ రిపోర్టు పట్టుకుని రెండు రోజులు టెన్షన్ పడ్డాక, నెట్‌లో ఉచితంగా దొరికే ఈ కాలిక్యులేటర్‌లో (2008 ఫార్ములాది) నా అంకెలు కొట్టాను. వయసు 44, మొత్తం కొలెస్ట్రాల్ 210, హెచ్‌డీఎల్ (మంచి కొలెస్ట్రాల్) 36, పై బీపీ 134, షుగర్ లేదు, సిగరెట్ మానేసి ఆరేళ్లు. పదేళ్లలో గుండెపోటో పక్షవాతమో అలాంటిదేదో వచ్చే అవకాశం 8.6 శాతం అంది. పర్లేదులే అనుకునేలోపే కింద ఇంకో లైను: మీ గుండె వయసు 52. అంటే నా రిస్క్, మిగతా అంకెలన్నీ బాగున్న 52 ఏళ్లవాడి రిస్క్‌తో సమానమట.

అసలు మజా అంకెలు మార్చి చూడటంలో ఉంది. సిగరెట్ దగ్గర ‘అవును’ నొక్కితే చాలు, 8.6 కాస్తా దాదాపు 16 అయి కూర్చుంది. ఆరేళ్ల కిందట ఎవరైనా ఇది చూపించి ఉంటే ఇంకొంచెం ముందే మానేసేవాణ్నేమో. చెకప్ చేసిన ల్యాబ్‌లో అయితే నేను మూడంతస్తుల మెట్లెక్కి రొప్పుతూ వెళ్తే, కూర్చోనివ్వకుండానే చేతికి పట్టీ చుట్టేసి 148 అని రాసుకున్నారు. ఆ అంకె కొడితే రిస్క్ 10 దాటింది. ఇంట్లో తీరిగ్గా కూర్చుని నాలుగు రోజులు చూస్తే వచ్చింది 134. అందుకే బీపీ మాత్రం ఇంట్లో చూసుకున్నదే కొట్టండి.

ఇంతకీ ఈ లెక్క ఎక్కడిదంటే, అమెరికాలో మసాచుసెట్స్ రాష్ట్రంలోని ఫ్రామింగ్‌హామ్ అనే ఊరిది. వయసుతో పాటు బీపీ పెరగడం మామూలేనని చాలామంది డాక్టర్లే అనుకునే రోజులవి, అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ 1945లో మెదడులో రక్తనాళం చిట్లి చనిపోయినప్పుడు ఆయన బీపీ 300 దాకా ఉందంటారు. మూడేళ్లకు, 1948లో, గుండె జబ్బులు ఎందుకొస్తాయో తేల్చే అధ్యయనం మొదలైతే, ఆ ఊళ్లో 30 నుంచి 62 ఏళ్ల మధ్యవాళ్లు 5,209 మంది పరీక్షలకు ఒప్పుకున్నారు. రెండేళ్లకోసారి పిలిస్తే వచ్చి చేయి చాపారు, ఏ జబ్బూ లేకపోయినా! మనం చెకప్ కూపన్ ఎక్స్‌పైర్ అయ్యేదాకా కదలం. 1971లో వాళ్ల పిల్లల్ని, 2002లో మనవల్ని చేర్చుకున్నారు. ఈరోజు ప్రతి డాక్టరూ వాడే ‘రిస్క్ ఫ్యాక్టర్’ అనే మాట జనంలోకి వచ్చింది 1961లో వీళ్ల పేపర్ వల్లే.

నాకు నచ్చనిదీ ఇక్కడే ఉంది. మొదట చేరినవాళ్లు దాదాపు అందరూ తెల్లవాళ్లు. 52 దేశాల్లో చేసి 2004లో బయటపెట్టిన ఇంటర్‌హార్ట్ అధ్యయనంలో, దక్షిణాసియా వాళ్లకు మొదటి గుండెపోటు సగటున 53 ఏళ్లకే వస్తోందని, మిగతావాళ్లకు దాదాపు 59కని తేలింది. మా నాన్నకు 51కే స్టెంట్ పడింది. ఈ కాలిక్యులేటర్ ఆ సంగతి అడగనే అడగదు, నడుము చుట్టుకొలతా అడగదు. బ్రిటన్ వాళ్ల ఇలాంటి కాలిక్యులేటరే క్యూరిస్క్3 అయితే ఇండియన్‌వా అనీ, అమ్మానాన్నలకో తోబుట్టువులకో 60 లోపు గుండె జబ్బు వచ్చిందా అనీ అడుగుతుంది, కాబట్టి రెండూ చూసుకోండి. నా 8.6ని నేనైతే తక్కువ చేసి చెప్పిన అంకెగానే తీసుకుని డాక్టర్‌కి చూపించాను.

మనవాళ్ల మీద ఇలాంటి పని లేదనుకోకండి. 1987–90లో హైదరాబాద్ దగ్గరి 29 ఊళ్లలో కొన్నిచోట్ల గర్భిణులకు, చిన్నపిల్లలకు అదనపు ఆహారం పెట్టి చూశారు, ఆ పిల్లలు పెద్దయ్యాక వాళ్ల గుండె, రక్తనాళాల సంగతి ఇప్పటికీ గమనిస్తూ వస్తున్నారు. అందులోంచి మనకో కాలిక్యులేటర్ వస్తే ముందు నేనే వాడతా.

5కి మూడున్నర ఇస్తాను. పక్కనుంచి చూస్తున్న నాన్న ‘నాదీ కొట్టరా’ అన్నారు. ఇప్పటికే గుండె జబ్బు వచ్చినవాళ్లకు ఈ లెక్క వర్తించదు నాన్నా అంటే, ‘పరీక్షకి ముందే పాసైపోయానన్నమాట’ అని టీవీ పెట్టుకున్నారు.