పొలాల్లో మురుగు బురద చల్లుతున్నచోట నీటి పరీక్ష కిట్: ఏది పనికొస్తుంది, ఏది రాదు

మురుగునీటి శుద్ధి కేంద్రాల బురదను ఎరువు పేరుతో పొలాల్లో చల్లడాన్ని ఎదిరించే స్థానిక బృందాలు మొదట కొనేది నీటి పరీక్ష కిట్. పెట్టెలో మామూలుగా నైట్రేట్ స్ట్రిప్పులు, అమ్మోనియాకు చుక్కల మందు, బ్యాక్టీరియాకు హెచ్‌టూఎస్ (హైడ్రోజన్ సల్ఫైడ్) సీసాలు, పీహెచ్ కాగితాలు, ఒక టీడీఎస్ మీటరు ఉంటాయి. కొనమనే చెబుతాం. కాకపోతే కిట్‌తో కేసు గెలవలేం. ఏ చోటి నీళ్లను ఏ రోజు ల్యాబ్‌కు పంపాలో అది చెబుతుంది, ఆ పని మాత్రం చక్కగా చేస్తుంది.

పెట్టె మొత్తంలో విలువైనది అమ్మోనియా పరీక్ష. బురదలోని నత్రజనిలో ఎక్కువ భాగం సేంద్రియ రూపంలో, కొంత అమ్మోనియాగా ఉంటుంది. చల్లాక పడే తొలి పెద్ద వానకు వాగులోకి కొట్టుకొచ్చేది ఈ అమ్మోనియానే. దాన్ని మట్టిలోని సూక్ష్మజీవులు నైట్రేట్‌గా మార్చడానికి వారాలు పడుతుంది, ఆ నైట్రేట్ భూగర్భజలానికి చేరడానికి నెలలు, ఒక్కోచోట ఏళ్లు. అందుకే బురద చల్లిన మర్నాడే బోరు నీళ్లలో నైట్రేట్ చూసి ‘ఏమీ లేదు’ అని తేల్చేయకూడదు. అమ్మోనియా చుక్కల మందుల్లో సాలిసిలేట్ రకమే తీసుకోండి, అమ్మోనియా ఉంటే ఆకుపచ్చ తిరుగుతుంది. నెస్లర్ రకంలో పాదరసం ఉంటుంది కనుక పరీక్షించిన నీళ్లను ఎక్కడా పారబోయడానికి లేదు, పైగా కఠినజలంలో తెల్లగా మసకబారి రంగు చదవనివ్వదు.

నైట్రేట్ స్ట్రిప్పుల్లో అందరూ తప్పటడుగు వేసేది యూనిట్ల దగ్గర. ప్రపంచ ఆరోగ్య సంస్థ తాగునీటికి సూచించిన హద్దు లీటరుకు 50 మిల్లీగ్రాముల నైట్రేట్. అదే నైట్రోజన్ లెక్కలో సుమారు 11. డబ్బా మీద ‘నైట్రేట్’ అని రాసి ఉందో, ‘నైట్రేట్-నైట్రోజన్’ అని రాసి ఉందో చూడకుండా అధికారులకు అంకె ఇస్తే నాలుగు రెట్లకు పైగా తేడా వస్తుంది. ఆ ఒక్క పొరపాటుతో మిగతా లెక్కలన్నీ కొట్టిపారేస్తారు. స్ట్రిప్‌ను ఒక్క సెకను ముంచి, నీళ్లు విదిలించి, డబ్బా మీద చెప్పినంత సేపు ఆగి, నీడలో పగటి వెలుతురుకు చూడాలి. ఎండలో, పసుపు బల్బు కింద గులాబీ రంగు మోసం చేస్తుంది. స్ట్రిప్ మీద ఉండే నైట్రైట్ (నత్రజనికి మరో రూపం) గడి కూడా రంగు తిరిగితే నైట్రేట్ అంకె ఉన్నదానికన్నా ఎక్కువ చూపిస్తున్నట్టే. చాలా స్ట్రిప్పుల్లో 50 తర్వాత మెట్టు నేరుగా 100. మధ్యలో తేల్చుకోవాలంటే నమూనాకు అంతే డిస్టిల్డ్ వాటర్ కలిపి మళ్లీ ముంచి, వచ్చిన అంకెను రెట్టింపు చేయండి. డబ్బా మూత వదులైతే చెమ్మ తగిలి గడులు ముంచకముందే రంగు మారతాయి, అలాంటివి పారేయాల్సిందే.

హెచ్‌టూఎస్ సీసా చవకైన, నిజాయితీగల పరీక్ష. గీత వరకు నీళ్లు పోసి, మూతి లోపల వేలు తగలనీయకుండా మూసి, 30 నుంచి 37 డిగ్రీల వేడిలో ఒకటి రెండు రోజులు ఉంచితే, మలంలో ఉండే బ్యాక్టీరియా ఉన్నప్పుడు నీళ్లు నల్లబడతాయి. పోసిన కాసేపటికే నల్లబడితే మాత్రం నీళ్లలో ముందే సల్ఫైడ్ ఉందని అర్థం, బ్యాక్టీరియా ఖాతాలో వేయకండి. క్లోరిన్ కలిపిన నీళ్లయితే ఫలితం నమ్మదగింది కాదు. పోల్చి చూసుకోవడానికి మరిగించి చల్లార్చిన నీళ్లతో ఒక సీసా పక్కన పెట్టడం తప్పనిసరి. ఆ నలుపు వచ్చింది మనిషి మలం వల్లా, పశువుల పేడ వల్లా అన్నది ఇది చెప్పదు. కాబట్టి పొలానికి ఎగువన ఒకటి, దిగువన ఒకటి తీసి పోల్చాలి. నల్లబడ్డ సీసాలో బ్లీచింగ్ ద్రావణం పోసి గంటసేపు ఉంచాకే పారబోయండి.

టీడీఎస్ మీటరు గురించి చెప్పేదేమీ లేదు. కరిగిన లవణాల అంకె తప్ప అందులో ఏమీ ఉండదు, అంకె తక్కువగా ఉందని నీళ్లు మంచివనుకుంటే ప్రమాదం.

అసలు భయపడాల్సిన రెండింటినీ, అంటే కాడ్మియం, సీసం లాంటి లోహాలనూ, పీఎఫ్ఏఎస్ రసాయనాలనూ (ఏళ్ల తరబడి విచ్ఛిన్నం కాని కృత్రిమ రసాయనాలు), ఈ కిట్ పట్టుకోదు. అమెరికాలో 1993 నాటి స్లడ్జ్ (మురుగు బురద) నిబంధనలు లోహాలకు, రోగక్రిములకు హద్దులు పెట్టాయి, పీఎఫ్ఏఎస్‌కు పెట్టలేదు. పొలాలు, బావులు కలుషితమయ్యాక అక్కడి మెయిన్ (Maine) అనే రాష్ట్రం 2022లో బురద చల్లడాన్నే నిషేధించింది. వీటికి ల్యాబే దిక్కు, సీసా కూడా ల్యాబ్ ఇచ్చిందే వాడాలి. పీఎఫ్ఏఎస్ నమూనాకు టెఫ్లాన్ పొర ఉన్న మూత పనికిరాదు, మూత నుంచే ఆ రసాయనం నీళ్లలోకి దిగొచ్చు. లోహాల సీసాలో ముందే నైట్రిక్ ఆమ్లం పోసి ఇస్తారు, దాన్ని కడగకండి. బ్యాక్టీరియా నమూనా ఐస్‌లో పెట్టి, వీలైతే ఆరు గంటల్లోపు చేర్చాలి.

కిట్‌తో వచ్చే నమోదు కాగితంలో తేదీ, అంకె తప్ప గళ్లుండవు. స్ట్రిప్ లాట్ నంబరు, గడువు తేదీ, చివరి వాన ఎప్పుడు పడింది, బురద ఎప్పుడు చల్లారు, రంగు చదివిన ఇద్దరి సంతకాలు, వీటికి గళ్లు గీసుకోండి. ఇద్దరూ ఒకరి అంకె ఒకరు చూడకుండా రాయాలి. బురద లారీలు రాకముందు తీసిన అంకెలు చేతిలో లేకపోతే ‘ముందు నుంచీ ఇంతే’ అన్న వాదనకు జవాబుండదు. కనుక చల్లే కాలానికి ముందే కనీసం రెండుసార్లు పరీక్షించి పెట్టుకోండి. పెట్టెలో ఇచ్చే హెచ్‌టూఎస్ సీసాలు సాధారణంగా దీనికి చాలవు, వాటిని విడిగా తెప్పించుకోవాలి.